చదువు, ఆట, మూడోది

సికింద్రాబాదు నుంచి పడమరగా వాడి దాకా 1874లో రైలు నడిచింది. ఆ దారిలోనే వికారాబాదు జంక్షను ఉన్నది. అక్కడి నుంచి ఇంకా సుమారు 40 కిలోమీటర్లు వెళితే తాండూరు వస్తుంది. వికారాబాదు అనగానే అనంతగిరి కొండలు గుర్తుకు వస్తాయి; మూసీనది పుట్టేది అక్కడే. తాండూరు అనగానే నాపబండలూ, కందిపప్పూ గుర్తుకు వస్తాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

మనం ఇప్పుడు చెప్పుకోబోయేది బండల సంగతీ కాదు, కందుల సంగతీ కాదు. ఈ రెండు ఊళ్ళ మధ్య సంచీ భుజాన వేసుకుని, అందులో ఒక పక్క లెక్కల పుస్తకమూ, మరో పక్క ఆటబూట్లూ పెట్టుకుని ప్రయాణం చేసే పిల్లల సంగతి.

బడిపిల్లల ఆటలపోటీలను దేశమంతటా నడపటానికి 1954లో ఒక సమాఖ్య ఏర్పడింది. దాన్నే మన బళ్ళలో ఎస్.జి.ఎఫ్. అంటారు. 14 ఏళ్ళలోపు వాళ్ళకూ, 17 ఏళ్ళలోపు వాళ్ళకూ, 19 ఏళ్ళలోపు వాళ్ళకూ వేరువేరుగా పోటీలు జరుగుతాయి. ముందు మండలంలో గెలవాలి. తరవాత జిల్లాలో, ఆ తరవాత రాష్ట్రంలో గెలవాలి. చివరకు దేశమంతటికీ కలిపి జరిగే పోటీ. 2016 అక్టోబరు 11 దాకా తాండూరు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఆ రోజున వికారాబాదు కొత్త జిల్లా అయింది. అప్పటి నుంచి తాండూరు పిల్లలకు జిల్లాకేంద్రం దగ్గిరయింది. అయినా పోనూ రానూ 80 కిలోమీటర్లు!

ఇందులో ఒక తమాషా ఉన్నది. మండలం పోటీలో ఓడిపోయిన పిల్లవాడు ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేస్తాడు. వాడికి బడి ఒక్క రోజే పోతుంది. గెలిచినవాడు జిల్లాకు వెళతాడు. ఇంకో రెండు రోజులు పోతాయి. అక్కడా గెలిస్తే రాష్ట్రం పోటీలు. వాటికి ముందు శిక్షణ శిబిరం కూడా ఉండవచ్చు. జాతీయ పోటీలంటే, ఏ ఉత్తరదేశంలోనో జరిగితే, రైలులో పోవటానికీ రావటానికే నాలుగు రోజులు కావాలి. అంటే, ఎంత బాగా ఆడితే అంత ఎక్కువగా పాఠాలు పోతాయి! మంచి ఆటగాడికి చదువు రాదని కొందరు తేలికగా అనేస్తూ ఉంటారు. వాడికి చదువు రాక కాదు, పాఠం జరిగినప్పుడు వాడు బడిలో లేడు, అంతే.

సరే, అసలు రోజులో ఉన్న గంటలెన్ని, వాటిలో ఏవి ఎటు పోతున్నాయి? ఒక లెక్క చేసి చూద్దాం.

తాండూరులో తొమ్మిదో తరగతి చదువుతూ, ఖోఖో ఆడే ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఆమె రాత్రి 9 గంటలకు పడుకుని, ఉదయం 6 గంటలకు లేస్తుంది. అంటే నిద్ర 9 గంటలు. బడిలో 7 గంటలు గడుస్తాయి. ఇంటి నుంచి బడికీ, బడి నుంచి ఇంటికీ నడక ఒక గంట. పొద్దున ఒక గంటా, సాయంత్రం ఒక గంటా సాధన. స్నానానికీ, భోజనానికీ, అమ్మకు సాయం చెయ్యటానికీ రెండున్నర గంటలు. అన్నీ కూడితే ఇరవై ఒకటిన్నర అయింది. 24లో మిగిలింది రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలు శ్రద్ధగా చదివితే తొమ్మిదో తరగతికి చాలదంటారా? నిక్షేపంగా చాలుతుంది.

ఇప్పుడు అదే అమ్మాయి పోటీకి వికారాబాదు వెళ్ళిన రోజు తీసుకోండి. రైలు మన కోసం ఆగదు. మనమే రైలు కోసం ఆగాలి. ప్రయాణమూ, స్టేషనులో ఎదురు చూడటమూ కలిపి మూడు గంటలు ఎటూ పోతాయి. మైదానంలో తన ఆట అరగంటే కావచ్చు. కాని తన వంతు వచ్చే దాకా ఎండలో కూచోవలసిందే. చీకటిపడ్డాక ఇల్లు చేరుతుంది. మరునాడు సాంఘికశాస్త్రం పరీక్ష. ఇప్పుడేం చేస్తుంది? బడి గంటల్లోంచి తీసుకోవటానికి లేదు. ఆట గంటలు అయిపోయాయి. భోజనం మానటానికి అమ్మ ఒప్పుకోదు. అందుచేత అందరూ చేసే పనే ఆమె కూడా చేస్తుంది: నిద్రలోంచి తీసుకుంటుంది. పన్నెండింటి దాకా దీపం పెట్టుకుని చదువుతుంది. నిద్ర నోరు లేనిది గనక ఆ రాత్రికి ఏమీ అనదు.

చదువూ ఆటా రెంటినీ తూచటం గురించి పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు త్రాసుకు రెండే తట్టలు ఉన్నట్టుగా మాట్లాడతారు. కాని ఈ లెక్కలో మూడోదొకటి ఉన్నది. దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. పైగా దాన్ని సోమరితనం కింద జమకడతారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివే పిల్లవాణ్ణి మెచ్చుకుంటారే గాని, వాడు రాత్రి ఎన్నింటికి పడుకున్నాడని అడిగేవారు తక్కువ.

నిద్ర మీద శాస్త్రజ్ఞులు చాలా పరిశోధనలు చేశారు. ఆరు ఏళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలనీ, పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ వాళ్ళకు 8 నుంచి 10 గంటలు కావాలనీ వైద్యులు చెబుతున్నారు. కష్టపడి ఆడే పిల్లలు ఇందులో తక్కువ అంకె కాక ఎక్కువ అంకె చూసుకోవటం మంచిది.

మనం నిద్రపోయినప్పుడు శరీరం కూడా పని మాని పడుకుంటుందని అనుకుంటాం. అది నిజం కాదు. మైదానంలో పరిగెత్తినప్పుడు కండరాల పోగులలో సన్నసన్నని చీలికలు ఏర్పడతాయి. నిద్రలో శరీరం వాటిని బాగుచేస్తుంది. బాగుచేసేటప్పుడు మునుపటికన్న కొంచెం గట్టిగా చేస్తుంది. కండబలం పెరగటమంటే ఇదే! అంటే బలం పెరిగేది పరిగెత్తినప్పుడు కాదు, పరిగెత్తి వచ్చి విశ్రాంతి తీసుకున్నప్పుడు. ఎదిగే పిల్లల శరీరంలో పెరుగుదలను నడిపించే రసం ఒకటి ఉన్నది. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర పట్టినప్పుడు అది ఎక్కువగా ఊరుతుంది.

మెదడు చేసే పని ఇంకా వింతగా ఉంటుంది. 2002లో అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. కొందరిని కూచోబెట్టి, ఎడమచేతి వేళ్ళతో నాలుగు మీటలను ఒక వరసలో గబగబా నొక్కటం నేర్పారు. తరవాత కొందరిని పన్నెండు గంటలసేపు మేలుకునే ఉంచి మళ్ళీ నొక్కించారు. వాళ్ళ వేగం పెద్దగా పెరగలేదు. కొందరిని రాత్రి నిద్రపోనిచ్చి, పొద్దున నొక్కించారు. మధ్యలో ఒక్కసారి కూడా సాధన చెయ్యకుండానే వాళ్ళ వేగం సుమారు 20 శాతం పెరిగింది! నిద్రలో మెదడు ఆ పాఠాన్ని తనంతట తాను వల్లెవేసుకున్నదన్నమాట. ఇంకొక విశేషమేమంటే, ఇలాంటి పనితనం కుదురుకోవటం ఎక్కువగా తెల్లవారుజాము నిద్రలో జరుగుతుందని వాళ్ళు గమనించారు. సాధన కోసమని రోజూ తెల్లవారుజాము నిద్రనే తెగ్గొడితే, నిన్న నేర్చుకున్న ఎత్తు ఇవాళ పోగొట్టుకున్నట్టే.

పాఠాల విషయం కూడా ఇంతే. పగలు చదివినది మెదడులో గబగబా రాసిన చిత్తుప్రతి లాగా ఉంటుంది. దాన్ని సాపు చేసి, ఉండవలసిన చోట పెట్టే పని చాలా భాగం రాత్రి జరుగుతుంది. ఖోఖోలో తిరగటమూ, పానిపట్టు యుద్ధాల సంవత్సరాలూ రెండూ ఒకే రాత్రిపాళీలో సర్దుబాటు అవుతున్నాయి. ఆ పాళీని కుదిస్తే రెండూ చెడతాయి.

దెబ్బల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో లాస్ ఏంజెలిస్ నగరపు వైద్యులు బడిలో ఆటలాడే 112 మంది పిల్లలను పరిశీలించి, 2014లో ఆ ఫలితాలు ప్రచురించారు. రోజుకు 8 గంటలకన్న తక్కువ నిద్రపోయే పిల్లలకు దెబ్బలు తగిలే అవకాశం తక్కినవారికన్న 1.7 రెట్లు ఉన్నట్టు తేలింది. నిద్ర చాలనప్పుడు కన్ను చూసినదానికి కాలు కదలటం ఆలస్యమవుతుంది. ఆ క్షణంలోనే మడమ మెలితిరుగుతుంది. మడమ మెలితిరిగితే నెల రోజులు ఆట లేదు. నిద్రలోంచి రోజుకో గంట మిగుల్చుకున్నదానికి ఇది వడ్డీ.

పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చిన పిల్లలు రాత్రి త్వరగా నిద్రపోరనీ, పొద్దున త్వరగా లేవరనీ తల్లిదండ్రులు కోప్పడుతూ ఉంటారు. ఇందులో పిల్లల తప్పు కొంతే. నిద్ర తెప్పించే రసం ఆ వయసులో గంటా రెండు గంటలు ఆలస్యంగా ఊరటం మొదలుపెడుతుంది. దానికి తోడు చేతిలో సెల్‌ఫోను వెలుగుతూ ఉంటే మెదడు ఇంకా పగలే అనుకుంటుంది. పడుకునే గదిలో ఫోను ఉండకూడదనేది నా మతం. 2016లో ఒలింపిక్ పోటీలకు ముందు పుల్లెల గోపీచంద్ తన శిష్యురాలు పి.వి. సింధు ఫోను మూడు నెలలపాటు తీసి దాచేశాడు. ఆమె రియో నగరం నుంచి వెండి పతకంతో తిరిగి వచ్చింది. ఒలింపిక్సులో వెండి పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ ఆమే. పతకం ఫోను తీసెయ్యటం వల్లనే వచ్చిందని కాదు. కాని ఇరవై ఒక్క ఏళ్ళ క్రీడాకారిణి దానికి ఒప్పుకున్నప్పుడు పదమూడేళ్ళవాళ్ళు ఒప్పుకోలేరా?

సింధు పేరు వచ్చింది గనక ఆమె చిన్నప్పటి సంగతి చూద్దాం. ఆమె తండ్రి పి.వి. రమణ, తల్లి విజయ, ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళే. 1986లో సియోల్ ఆసియా క్రీడలలో కంచుపతకం గెలిచిన జట్టులో రమణ ఉన్నాడు. కూతురు మాత్రం బ్యాడ్మింటన్ పట్టుకున్నది. మొదట సికింద్రాబాదులో రైల్వేవాళ్ళ కోర్టుల మీద నేర్చుకున్నది. తరవాత గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీలో చేరింది. ఇంటి నుంచి అకాడమీకి పోనూ రానూ రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణం చేసేదని అప్పట్లో పత్రికలు రాశాయి. బడి మానలేదు; తరవాత మెహదీపట్నంలోని సెయింట్ ఆన్స్ మహిళా కళాశాలలో చదివింది. 56 కిలోమీటర్లు తిరుగుతూ ఇదంతా ఎలా సాధ్యమయింది? ప్రయాణం బరువు తల్లిదండ్రులు మోశారు. ఆట అంటే ఏమిటో తెలిసిన తండ్రి కావటంచేత అది వృథా శ్రమ అని ఆయన అనుకోలేదు.

ఇక తాండూరుకు ఇంకా దగ్గిర కథ ఒకటి ఉన్నది. నార్సింగి హైదరాబాదుకు పడమటి అంచున ఉన్న ఊరు. 2016 దాకా నార్సింగి, వికారాబాదు, తాండూరు మూడూ ఒకే రంగారెడ్డి జిల్లాలోవి. ఆ నార్సింగిలో టీ అమ్ముకుని బతికే ఒకాయన కూతురు అగసర నందిని. ఈ అమ్మాయి చదువుకున్నది సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆమెకు పరుగు నేర్పినవాడు నాగపురి రమేశ్.

నందిని పాల్గొనే పోటీ పేరు హెప్టాథ్లాన్. ఇది ఒక ఆట కాదు, ఏడు ఆటలు! మొదటి రోజున 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. రెండో రోజున లాంగ్‌జంప్, జావెలిన్ విసరటం, చివరకు 800 మీటర్ల పరుగు. ఒక్కొక్కదానికి ఇన్ని పాయింట్లని వేసి, అన్నీ కూడుతారు. ఇందులో ఉన్న చిక్కేమంటే, ఏడూ ఒకదానితో ఒకటి పొసగవు. ఇనపగుండు విసరటానికి భారీ శరీరం కావాలి. ఎత్తు దూకటానికి తేలిక శరీరం కావాలి. 200 మీటర్లకు మెరుపువేగం కావాలి. 800 మీటర్లకు దమ్ము కావాలి. ఒకదానికోసం మరీ ఎక్కువ సాధన చేస్తే ఇంకోటి పాడవుతుంది. ఒకదాంట్లో మొదటి స్థానం వచ్చి, ఇంకోదాంట్లో సున్నా వస్తే లాభం లేదు. ఏడింటిలోనూ చాలినంత బాగా ఉండాలి. చదువూ ఆటా కలిపి నడిపే పిల్లలు ఈ పోటీ గురించి తెలుసుకోవటం మంచిదని నాకనిపిస్తుంది. పదోతరగతిలో కూడా ఇంతే కదా: తెలుగులో నూటికి నూరు వచ్చి, లెక్కల్లో తప్పితే ఏం లాభం?

2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడల హెప్టాథ్లాన్ ముగిసింది. నందినికి 5,712 పాయింట్లు వచ్చాయి, కంచుపతకం వచ్చింది. నాలుగో స్థానంలో నిలిచిన అమ్మాయి కూడా మన దేశస్థురాలే. ఆమెకు 5,708. తేడా ఎంత? నాలుగంటే నాలుగు పాయింట్లు! ఆఖరి 800 మీటర్లను నందిని సుమారు 2 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తింది. ఆ వేగం దగ్గిర ఒక సెకను తేడాకు సుమారు 14 పాయింట్లు మారతాయి. కావలిస్తే భాగహారం చేసి చూడండి: నాలుగు పాయింట్లంటే సెకనులో మూడో వంతు కూడా లేదు. రెండు రోజులు, ఏడు పోటీలు. చివరకు పతకానికీ ఉత్తచేతులకూ మధ్య కనురెప్పపాటు! అప్పటికి అలసిపోయి ఉన్న కాళ్ళలో ఆ కాస్త సత్తువ ఎవరి దగ్గిర మిగిలిందన్నదే ప్రశ్న. 2025లో దక్షిణకొరియాలోని గుమి నగరంలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో నందిని 5,941 పాయింట్లతో బంగారు పతకమే తెచ్చుకున్నది.

2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా ఇలాంటి గురుకులంలో చదివిన పిల్లే. అప్పటికి ఆమెకు పధ్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కటం నేర్చుకుని ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చోటికి వెళ్ళింది.

బీదకుటుంబాల నుంచి వచ్చిన ఈ ఇద్దరూ గురుకులాల పిల్లలు కావటం కాకతాళీయం కాదని నా ఉద్దేశం. గురుకులంలో బడీ, మైదానమూ, భోజనమూ, పడకా అన్నీ ఒకే చోట ఉంటాయి. ప్రయాణంలో గంట కూడా పోదు. పోని ఆ గంటే నిద్రకు మిగులుతుంది. శామీర్‌పేట దగ్గిర హకీంపేటలో ఉన్న క్రీడాపాఠశాల కూడా ఈ పద్ధతిదే. అక్కడ నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎత్తూ బరువూ చూస్తారు. 30 మీటర్ల పరుగు, నిలబడి దూకటం, పది మీటర్ల దూరం అటూ ఇటూ ఆరుసార్లు పరిగెత్తటం, బరువైన మెడిసిన్ బంతి విసరటం, ఒళ్ళు వంచటం, 800 మీటర్ల పరుగు – ఇవన్నీ పెట్టి ఎంచుతారు. తాండూరు వైపు నుంచి చిన్నపిల్లలెవరికైనా ఆసక్తి ఉంటే, మూడో తరగతిలో ఉండగానే వాళ్ళ డ్రిల్లు మాస్టారును అడిగి వివరాలు తెలుసుకోవాలి.

మైదానాన్ని పిల్ల దగ్గిరకు తేవటం ఒక దారి. పిల్లను మైదానం దగ్గిరకు మోసుకుపోవటం ఇంకో దారి. నందినికి మొదటిదీ, సింధుకు రెండోదీ దొరికాయి. రెండూ దొరకని పిల్లలు తాండూరులోనూ, వికారాబాదులోనూ, ఆ చుట్టుపట్ల పల్లెల్లోనూ చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఉన్నది బడి మైదానమూ, డ్రిల్లు మాస్టారూ, రైలూ, ఆ రెండున్నర గంటలూను.

అందుచేత ఆ కాస్త కాలాన్ని ఎలా వాడుకోవాలో చూడాలి. 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అర్థం లేని అక్షరాల వరసలను తానే బట్టీపట్టి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కలు వేసి ఒక పుస్తకం రాశాడు. ఒకే పాఠాన్ని ఒక్కరోజున పదిసార్లు చదవటంకన్న, కొన్ని రోజులపాటు కొద్దికొద్దిగా చదివితే బాగా గుర్తుంటుందని ఆయన కనిపెట్టాడు. ఆ తరవాత వందలాది ప్రయోగాలు ఆ మాటనే ఖాయపరిచాయి. ఆడే పిల్లలకు ఇది వరం లాంటిది. వాళ్ళకు ఏకబిగిని నాలుగు గంటలు దొరకవు గాని, ఇరవై నిమిషాల ముక్కలు చాలా దొరుకుతాయి. వికారాబాదు ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూచున్న ముప్పావు గంటలో లెక్కలు చెయ్యటం కష్టమే. కాని నిన్న చదివిన పాఠం పుస్తకం మూసి స్నేహితురాలికి చెప్పవచ్చు. ఎక్కడ తడబడితే అక్కడ తెరిచి చూసుకోవచ్చు. పుస్తకం ముందు పెట్టుకుని మళ్ళీమళ్ళీ చదవటంకన్న ఇలా తడుముకుని చెప్పటమే జ్ఞాపకానికి బలమైన మందు.

పోటీలకు వెళ్ళేముందు పోబోయే పాఠాలేమిటో మాస్టారిని అడిగి రాసుకోవాలి. వెళ్ళివచ్చాక అడిగితే, "అయిపోయాయి" అంటారు. ముందుగా అడిగితే ఏ మాస్టారూ కాదనరు, పైగా సంతోషిస్తారు. నోట్సు ఇచ్చే స్నేహితుణ్ణి కూడా ముందే చూసిపెట్టుకోవాలి. దస్తూరి బాగున్నవాణ్ణి ఎంచుకోవటం తెలివైన పని!

తిండి గురించి తాండూరువాళ్ళకు చెప్పటమంటే వింతే. కందిపప్పులో బరువుకు అయిదో వంతుకు పైగా మాంసకృత్తులే. జొన్నరొట్టెలో లేనిదాన్ని పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువైనదాన్ని జొన్న పూరిస్తుంది. వాటితో పాటు ఒక గుడ్డూ, గుప్పెడు పల్లీలూ ఉంటే, డబ్బాలలో అమ్మే పొడులతో పని లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ ఊళ్ళో ఎటు చూసినా బండపరుపే. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ పాదం మీద మన బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి పడుతుంది. మట్టినేల అందులో కొంత మింగుతుంది. బండ ఏమీ మింగదు. దూకటం, పరిగెత్తటం మట్టి మీదనే చెయ్యండి.

ఇప్పుడు తల్లిదండ్రులతో నాలుగు మాటలు చెప్పాలి. పదో తరగతి రాగానే చాలా ఇళ్ళలో బూట్లు అటక మీదికి చేరుతాయి. ఇందులో భయం ఉన్నది. ఆ భయానికి కారణమూ ఉన్నది. ఎందరికో పతకాలు సంపాదించిపెట్టిన గోపీచందే 2025 ఫిబ్రవరిలో ఒక హెచ్చరిక చేశాడు: బాగా డబ్బో, ఇంట్లో వ్యాపారమో ఉంటే తప్ప పిల్లలను ఆటనే బతుకుతెరువుగా పెట్టుకోనివ్వద్దని ఆయన చెప్పిన మాటల సారం. ఈ మాట చాలామందికి కష్టం కలిగించింది. కాని అందులో నిజం ఉన్నది. క్రీడాకోటాలో సీట్లూ, ఉద్యోగాలూ ఉన్నాయిగాని, ఆడేవాళ్ళ సంఖ్యతో పోలిస్తే అవి బహు కొద్ది. మోకాలికి ఒక్క దెబ్బ తగిలితే ఎంతటి ఆటైనా ఆగిపోవచ్చు. చదువును వదిలేసి ఆటనే నమ్ముకోమని నేనూ చెప్పను.

అయితే బూట్లు అటకెక్కించినంత మాత్రాన మార్కులు దిగిరావు. ఆట మాన్పించినందువల్ల మిగిలిన రెండు గంటలూ ఎటు పోయాయో ఒక వారం గమనించి చూడండి. అందులో చదువుకు పోయినది ఎంత, ఫోనుకు పోయినది ఎంత? అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంవాళ్ళు 2009లో ఇరవైమంది పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఇరవై నిమిషాలు చురుగ్గా నడిచిన తరవాత పిల్లలకు మనసు నిలపటమూ, చదివింది అర్థం చేసుకోవటమూ ఊరికే కూచుని ఉన్నప్పటికన్న మెరుగయ్యాయి. అందుచేత పదో తరగతిలో ఆటను పూర్తిగా ఆపటంకన్న తగ్గించటం నయం. పొద్దున సాధన మాన్పించి ఆ గంట నిద్రకు ఇవ్వండి; సాయంత్రపు గంట ఉండనివ్వండి. పరీక్షలు దగ్గిరపడ్డాక దూరపు పోటీలు వద్దనండి. అదైనా పిల్లను పక్కన కూచోబెట్టుకుని, 24 గంటల లెక్క కాగితం మీద వేసి, ఆమె చేతనే తీసివేతలు చేయించండి. తాను చేసిన తీసివేతను పిల్ల తానే కాదనలేదు.

చివరకు మీ అందరికీ ఒక ప్రయోగం. దీనికి కావలసినవి 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటీ, ఒక స్నేహితుడూ. స్నేహితుడు స్కేలును పై చివర పట్టుకుని నిలువుగా వేలాడదియ్యాలి. సున్నా గీత దగ్గిర మీరు బొటనవేలూ చూపుడువేలూ తెరిచి ఉంచాలి, స్కేలును తాకకూడదు. అతను చెప్పకుండా వదిలేస్తాడు. మీరు గబుక్కున పట్టుకోవాలి. ఏ గీత దగ్గిర పట్టుకున్నారో చూసుకోండి. 10 సెంటీమీటర్ల దగ్గిర పట్టుకుంటే మీకు పట్టిన కాలం సెకనులో నూటికి 14 వంతులు; 15 అయితే సుమారు 17 వంతులు; 20 అయితే 20 వంతులు; 30 అయితే 25 వంతులు. కన్ను చూసి, మెదడు తెలుసుకుని, వేలు కదలటానికి పట్టే కాలం ఇది. ఖోఖోలోనూ కబడ్డీలోనూ గెలుపోటములు చాలా భాగం ఇక్కడే తేలుతాయి.

రోజూ ఒకే వేళకు, బడికి బయలుదేరేముందు, అయిదుసార్లు పట్టుకుని, అయిదింటి సగటు ఒక పుస్తకంలో రాయండి. దాని పక్కనే క్రితం రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో కూడా రాయండి. ప్రయోగం కోసమని కావాలని మేలుకోవద్దు. పోటీలూ, పెళ్ళిళ్ళూ, పండగలూ ఉండనే ఉన్నాయి, ఆ రాత్రులు వాటంతట అవే వస్తాయి. మొదటి మూడు నాలుగు రోజుల అంకెలు వదిలెయ్యండి, ఎందుకంటే అప్పుడు మీరు ఇంకా స్కేలు పట్టటమే నేర్చుకుంటూ ఉంటారు. మూడు వారాలు గడిచాక ఎనిమిది గంటలకన్న తక్కువ నిద్రపోయిన రోజులను ఒక పక్కా, ఎక్కువ నిద్రపోయిన రోజులను ఒక పక్కా రాసుకుని, రెంటి సగటూ తీసి చూడండి.